మీ ప్రశ్నకు జవాబు: ప్రహరీ పక్కన రావిచెట్టు

ప్రశ్న: సికింద్రాబాద్‌లోని మా మామగారి పాత ఇంటిని పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టడానికి బిల్డరుకు ఇచ్చాం. ప్రహరీ పక్కన పెద్ద రావిచెట్టు ఉంది. మామగారి చిన్నతనానికే అది మహావృక్షమట. 'సొంత స్థలంలో చెట్టు కొట్టడానికి అనుమతి అక్కర్లేదు, కాదంటే చెట్టును ఉంచే కడతాం' అంటున్నాడు బిల్డరు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఆయన మొదటి మాట తప్పు. రెండో మాట ఇంకా ప్రమాదం.

నీరు, నేల, చెట్ల రక్షణ కోసం తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం సొంత స్థలానికీ వర్తిస్తుంది. సుబాబుల్, సరుగుడు వంటి వాటికి మినహాయింపులున్నాయి గానీ మీ రావి ఆ కోవది కాదు. ఇంటి ప్లాను మంజూరైతే చెట్టు కొట్టడానికి అనుమతి వచ్చినట్టు కాదు. అటవీశాఖ ఇచ్చిన పత్రాన్ని మీ కళ్లతో చూసేదాకా గొడ్డలి పడనివ్వకండి.

ఇక 'ఉంచే కడతాం' అన్న మాట. అటవీశాఖలో ముప్పయ్యేళ్లు పనిచేశాను. కొట్టేసిన చెట్లకన్నా సెల్లారు గుంతకు చచ్చిన చెట్లే నన్ను ఎక్కువ బాధపెట్టాయి. ఒకచోట చింతచెట్టును ప్లానులో చక్కగా చూపించి, మొదలుకు నాలుగడుగుల దూరంలో ప్రొక్లెయినరుతో నిలువునా తవ్వేశారు. ఆ ఏడాది చిగురు వేసింది. మరుసటి వానాకాలం గాలికి వేళ్లతో సహా ఒరిగిపోయింది. నీరు తాగే వేళ్లు ఎక్కువగా పై రెండు మూడడుగుల మట్టిలోనే, కొమ్మల నీడను కూడా దాటి పరచుకుంటాయి. మాను మందాన్ని (చుట్టుకొలత కాదు, అడ్డుకొలత) రొమ్మెత్తున కొలిచి, దానికి పన్నెండు రెట్ల దూరం తవ్వకం లేకుండా చూడాలి. మూడడుగుల మాను అయితే ముప్పయ్యారు అడుగులు. అంత వీలుకాకపోతే సెల్లారును ఆ మూలన వీలైనంత వెనక్కి జరపమనండి, ఆ మాట ఒప్పందంలో రాయించండి. మొదలు చుట్టూ సిమెంటు కూడా వద్దు. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. ఏదీ కుదరకపోతే, కొమ్మలు తగ్గించి, వేళ్ల చుట్టూ ఉన్న మట్టిముద్దతో మరోచోటికి తరలించమని అడగండి. రావి, మర్రి దాన్ని మిగతా చెట్లకన్నా బాగా తట్టుకుంటాయి.

మహారాష్ట్రలో 2021 సవరణతో నగరాల్లో యాభై ఏళ్లు దాటిన చెట్టును వారసత్వ వృక్షంగా పరిగణిస్తున్నారు. కొట్టాల్సివస్తే దాని వయసు ఎన్నేళ్లో అన్ని మొక్కలు నాటాలి. అలాంటి లెక్క మనకూ రావాలి.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు గురించి వినే ఉంటారు. 1908 మూసీ వరదలో దాన్నెక్కి నూట యాభై మంది బతికారని చెబుతారు. ఆ కథ తెలిసినవాళ్లు దాని మీద చెయ్యి వేయరు. మీ మామగారు చెప్పినవన్నీ తేదీలతో రాసి, పాత ఫోటో ఉంటే జతచేసి, చెట్టును కాపాడమని అర్జీ ఇప్పుడే అటవీశాఖ కార్యాలయంలో ఇవ్వండి. రసీదు తీసుకోవడం మరవకండి.