మూడు చీటీల మందులు కలిపి వేయొచ్చా? – సమాధానం

అమ్మగారికి అమలాపురంలో బీపీ, షుగర్‌కి, కాకినాడలో గుండెకి, రాజమండ్రిలో మోకాళ్లకి మందులు రాశారని, అన్నీ కలిపి వేయొచ్చా అని అడిగారు కదండీ. ముందు స్ట్రిప్పు మీద బ్రాండు పేరు వదిలేసి, చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు చూడండి. రెండు చీటీల్లోనూ వేరే పేర్లతో ఒకే బీపీ మందు, టెల్మిసార్టాన్, ఉండొచ్చు. మోకాళ్ల నొప్పికి ఇచ్చే ఎసిక్లోఫెనాక్ మాత్రలో చాలాసార్లు పారాసిటమాల్ కూడా కలిసే వస్తుంది; జ్వరమని పైన డోలో (అదీ పారాసిటమాలే) వేస్తే అదే మందు రెండుసార్లు పడినట్టే.

నాకు అసలు భయం ఆ నొప్పి మాత్రతోనే. టెల్మిసార్టాన్‌కీ, ఒంట్లో నీరు మూత్రంలో పోయేలా చేసే మాత్రకీ అది తోడైతే కిడ్నీలు దెబ్బతినొచ్చు, బీపీ కూడా పెరగొచ్చు. గుండెకి ఆస్పిరిన్ ఇచ్చి ఉంటే కడుపులో రక్తస్రావం ముప్పు ఎక్కువ. అందుకని నొప్పి మాత్ర ఆపాలా అని రాజమండ్రి డాక్టరుగారిని ఇవాళే ఫోన్లో అడగండి. గుండె, బీపీ, షుగర్ మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. మలం నల్లగా వచ్చినా, మూత్రం తగ్గినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పెద్దవాళ్లు "బీపీకేవో వాడుతున్నానండీ" అని సరిపెట్టేస్తారు, రద్దీలో డాక్టర్లూ తిరిగి అడగరు. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, ఆయుర్వేదం పొడితో సహా, సంచిలో వేసుకెళ్లి అమలాపురం డాక్టరుగారి బల్ల మీద పెట్టండి.