గాజులు కుదువపెట్టి బోరు వేయాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మూడెకరాల పత్తి వాన మీదనే, రెండెకరాల వరి బోరు కింద. పోయిన యాసంగిలో మార్చికల్లా బోరు తగ్గి, ఒక ఎకరం పొట్ట దశలో ఎండింది. గొర్లకు వదిలేశాం. చేతిలో 1.80 లక్షలున్నాయి. ఊళ్లో రెండు రూపాయల మిత్తికి తెచ్చిన లక్ష అప్పుంది. నా గాజులు బ్యాంకులో పెట్టి ఇంకో బోరు వేద్దామని మా ఆయన పట్టుబడుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: గాజులు చేతికే ఉండనివ్వండమ్మా. మన దగ్గర ఏడాది వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే పడాలి. బోర్లలో ఊట పెరిగేదీ అప్పుడే. అందులో ఒక్క నెల ఎగ్గొట్టినా దెబ్బ యాసంగిలో కనపడుతుంది. ఎక్కడో పసిఫిక్ సముద్రం వేడెక్కి ఎల్‌నినో వచ్చిన 2023లో అదే జరిగింది. 1901 నుంచి దేశంలో అంత పొడి ఆగస్టు లేదు. 2024 మార్చిలో నల్లగొండ జిల్లాలో ఎండిన వరి మడులు మీరూ చూసే ఉంటారు. ఊటే లేనప్పుడు పక్కన ఇంకో బోరు వేస్తే, ఉన్న నీళ్లనే రెండు మోటర్లు పంచుకుంటాయి.

ముందు ఆ లక్ష తీర్చేయండి. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24,000. అదే లక్ష కిసాన్ క్రెడిట్ కార్డు పంట రుణమైతే, గడువులోపు కట్టినవారికి 4 శాతం, అంటే 4,000 మాత్రమే. గడువు దాటితే ఆ రాయితీ పోతుంది, తేదీ గోడ మీద రాసిపెట్టుకోండి.

మిగిలిన 80,000లో కొంత రెండోసారి విత్తడానికి పక్కన పెట్టాలి. తొలకరికి తొందరపడి పత్తి గింజ వేయడం, పది రోజులు ఎండకాసి మొలక మాడిపోవడం ఏటా చూస్తున్నదే. 60-70 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడిస్తేనే విత్తండి. అయినా మోసం జరగొచ్చు. 2025 ధర ప్రకారం ప్యాకెట్ 901 రూపాయలు. ఎకరానికి రెండు చొప్పున మూడెకరాలకు 5,406. కూలీ, దుక్కి కలిపితే ఇంకా పైనే. ఆ సమయంలో చేతిలో డబ్బు లేకనే కదా మళ్లీ రెండు రూపాయల మిత్తికి పోయేది!

మిగతాది బ్యాంకు ఖాతాలోనే ఉంచండి, చిట్టీలో వేయకండి. రైతు భరోసా ఎకరానికి 6,000 చొప్పున మీకు సీజన్‌కు 30,000 రావాలి. కానీ అది పడ్డాకే మీది అనుకోండి. దాన్ని నమ్ముకొని ఎరువులు ఉద్దెర తేవద్దు.

యాసంగిలో రెండెకరాలూ వరి వద్దు. ఒక ఎకరం చాలు, రెండో ఎకరంలో పల్లీ లాంటి ఆరుతడి పంట వేయండి. వరికి పొట్ట దశలో నీళ్లు అందకపోతే చేతికొచ్చేది తాలే. పెట్టుబడి మాత్రం అంతకుముందే అయిపోయి ఉంటుంది.

ఈ లెక్క మీ ఆయనకు చదివి వినిపించండి. దసరా నాటికి మోటరు ఆగకుండా ఎన్ని గంటలు పోస్తుందో ఇద్దరూ కలిసి చూడండి. బోరు మాట అప్పుడు మాట్లాడుకోవచ్చు.