బాదం చెట్టు, పీకల్లోతు నీళ్లు: హీబ్రూ మాటల మీద మీ ప్రశ్నలు

పోయిన నెల ఇదే పేజీలో "రూఅహ్" గురించి రాశాను కదా, గాలి, ఊపిరి, ఆత్మ మూడింటికీ పాత నిబంధన మూల భాష హీబ్రూలో ఒకటే మాట అని. అప్పట్నుంచి ఉత్తరాలు, మెసేజ్‌లు ఆగట్లేదు. అన్నీ వేయలేం కాబట్టి ఎక్కువమంది అడిగినవి తీసుకున్నా, పేర్లు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వేయట్లేదు.

ప్రశ్న (నరసరావుపేట నుంచి ఒక సోదరి): వందనాలండి. మా సంఘంలో వాక్యం చెప్పేవాళ్లు ప్రతి ఆదివారం "హీబ్రూలో దీని అసలు అర్థం వేరే ఉంది" అంటారు. నేనూ తెలుసుకుందామని ఫోన్‌లో స్ట్రాంగ్స్ నంబర్లు ఉన్న యాప్ వేసుకున్నా, "ప్రాణము" అనే మాట నొక్కితే 5315 అని వచ్చి కింద పది పదిహేను అర్థాలు చూపిస్తోంది. వాటిలో ఏది తీసుకోవాలి? అసలు హీబ్రూ నేర్చుకోకుండా బైబిల్ అర్థం కాదా?

జవాబు: వందనాలమ్మా. ముందు ఆ నంబర్ల సంగతి. జేమ్స్ స్ట్రాంగ్ అనే ఆయన 1890లో ఇంగ్లీష్ కింగ్ జేమ్స్ బైబిల్లో ప్రతి మాట ఎక్కడెక్కడ వచ్చిందో సూచిక తయారుచేసి, వెనకాల ఉన్న హీబ్రూ మాటలకి 1 నుంచి 8674 దాకా నంబర్లు ఇచ్చాడు. కంప్యూటర్ లేని రోజుల్లో అంత పని, దణ్ణం పెట్టాల్సిందే. కానీ అందులో చిన్న గీత తర్వాత వరసగా కనిపించేవి ఉన్నాయే, అవి ఆ మాట అర్థాలు కావు, కింగ్ జేమ్స్ వాళ్లు ఆ మాటని ఒక్కోచోట ఎలా అనువదించారో ఆ లిస్టు. ఇది తెలియక చాలామంది ఆ లిస్టులో తమ ప్రసంగానికి సరిపోయేది ఏరుకుంటారు, లేకపోతే పది అర్థాలూ కలిపి ఒకే వచనంలో కుక్కేస్తారు.

తెలుగులో ఒకటి చెప్తా చూడండి. తెలుగు కొత్తగా నేర్చుకుంటున్న విదేశీయుడు ఎవరో "పెళ్లి పనుల్లో పాలుపంచుకున్నాడు" అనే వాక్యం చదివి, డిక్షనరీలో పాలు అంటే మిల్క్ అని చూసి, "తెలుగువాళ్ల పెళ్లిళ్లలో అందరూ పాలు పంచుకుని తాగుతారు, ఇందులో లోతైన మర్మం ఉంది" అని గంటసేపు చెప్తే మనం ఏమంటాం? రాజీనామా అనే మాటని రాజీ, నామా అని విడగొట్టి, ఉద్యోగం మానేసిన ప్రతివాడూ ఆఫీసుతో రాజీ పడ్డాడని చెప్తే? మాట ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడం సరదాగానే ఉంటుంది, కానీ ఆ వాక్యంలో అది ఏం చెప్తోందో వాక్యమే చెప్పాలి.

ఇప్పుడు మీ 5315కి వద్దాం. ఆ మాట "నెఫెష్", పాత నిబంధనలో 750 సార్ల దాకా వస్తుంది. కీర్తనలు 69 మొదటి వచనం మన బైబిల్లో "జలములు నా ప్రాణముమీద పొర్లుచున్నవి" అని ఉంటుంది. హీబ్రూలో ఉన్నది "నీళ్లు నెఫెష్ దాకా వచ్చేశాయి" అని. నెఫెష్‌కి ప్రాణం, మనిషి, కోరిక, ఆకలి లాంటి అర్థాలతో పాటు గొంతు, పీక అనే అర్థం కూడా ఉంది. తర్వాతి వచనంలో ఊబిలో దిగిపోతున్నానంటాడు, ఆ తర్వాత అరిచి అరిచి గొంతుక ఎండిపోయిందంటాడు, అంటే అక్కడ మనిషి నిజంగా మునిగిపోతున్న బొమ్మ ఉంది. మన తెలుగులో అచ్చంగా దానికే మాట ఉంది, పీకల్లోతు నీళ్లు! నాకు ఇది తట్టిన రోజు కాసేపు పుస్తకం మూసి కూర్చుండిపోయా. యోనా రెండో అధ్యాయంలో చేప కడుపులోంచి చేసిన ప్రార్థనలో కూడా ఇదే, "నీళ్లు నెఫెష్ దాకా చుట్టుకున్నాయి."

సామెతలు 23లో "తిండిపోతు" అన్నచోట హీబ్రూలో ఉన్నది "నెఫెష్ ఉన్నవాడు" లాంటి మాట, అక్కడ అది ఆకలి. మరి సామెతలు 12:10లో నీతిమంతుడు తన పశువుల నెఫెష్‌ని దయగా చూస్తాడు అంటే పశువు పీక అనుకోకూడదు, అక్కడ మన "ప్రాణము" బ్రహ్మాండంగా సరిపోయింది. ఒకే మాట, నాలుగు చోట్ల మూడు రకాలుగా పనిచేసింది, కానీ ఏ ఒక్క చోటా మూడు అర్థాలూ ఒకేసారి లేవు.

ఇంకో ముఖ్యమైనది, ఇది చాలామందికి తెలియదు. ఆదికాండము 2:7లో "నరుడు జీవాత్మ ఆయెను" అని ఉంది కదా, దాని వెనక ఉన్న "నెఫెష్ హయ్యా" అనే మాటే మొదటి అధ్యాయంలో సముద్రంలో ఈదే ప్రాణులకీ జంతువులకీ వాడారు. తెలుగులో ఒకచోట జీవాత్మ, ఇంకోచోట జీవము గలవి అని రావడం వల్ల మనకి ఆ లింకు కనపడదు, దాంతో "జీవాత్మ మనిషికే ఇచ్చాడు" అని ఆ ఒక్క మాట మీద పెద్ద బోధలు కట్టేస్తారు. మనిషికీ జంతువుకీ తేడా ఉంది, అది దేవుని స్వరూపం అన్నచోట ఉంది, ఈ మాటలో లేదు.

కాబట్టి యాప్ తీసేయకండమ్మా. నంబర్ నొక్కినప్పుడు అర్థాల లిస్టు కాకుండా, ఆ నంబర్ ఇంకా ఏ ఏ వచనాల్లో వచ్చిందో చూపించే చోటు ఉంటుంది, అది తెరిచి ఓ ఇరవై వచనాలు తెలుగులోనే చదవండి. మాట నడక మీకే పట్టుబడుతుంది. హీబ్రూ నేర్చుకుంటే మంచిదే, నేర్చుకోకపోతే బైబిల్ అర్థం కాదు అన్నవాళ్ల మాట మాత్రం నమ్మకండి.

ప్రశ్న (మెదక్ నుంచి సండే స్కూల్ టీచర్): యిర్మీయా 1వ అధ్యాయంలో దేవుడు "ఏం చూస్తున్నావ్" అంటే యిర్మీయా "బాదముచెట్టు చువ్వ" అంటాడు. దానికి దేవుడు "బాగుగా కనిపెట్టితివి, నా వాక్యములను నెరవేర్చుటకు ఆతురపడుచున్నాను" అంటాడు. బాదం చెట్టుకీ దీనికీ సంబంధం ఏంటని పిల్లలు అడిగితే నోరు పెగల్లేదండీ.

జవాబు: పిల్లలు కరెక్ట్‌గా పట్టుకున్నారు టీచర్ గారూ, తెలుగులో చదివితే సంబంధం లేనే లేదు. హీబ్రూలో బాదం "షాకేద్". "కాపలా కాస్తున్నాను, కనిపెట్టుకుని ఉన్నాను" అనేది "షోకేద్". అంతే! షాకేద్ చూస్తున్నానంటే నేను షోకేద్ అన్నాడు. మన అవధానాల్లో శ్లేష పడితే సభంతా ఆహా అంటుందే, అలాంటిది. పైగా ఇశ్రాయేలు దేశంలో చలికాలం పూర్తిగా పోకముందే, జనవరి ఆఖర్లో ఫిబ్రవరిలో, ఆకులు కూడా రాకముందే తెల్లగా పూసేస్తుంది బాదం, అందరికంటే ముందు నిద్రలేచే చెట్టు అన్నమాట.

ఇలాంటివి అనువాదంలో పోతాయి, ఎవర్నీ అనలేం. కానీ మనవాళ్లు దొరికిన చోట వదల్లేదు. హీబ్రూలో "ఈష్" (పురుషుడు) నుంచి తీసింది "ఇష్షా" (స్త్రీ) అని ఉంటే, తెలుగులో "నరునిలోనుండి తీయబడెను గనుక నారి అనబడును" అని పెట్టారు చూశారా, అది మటుకు భలే కుదిరింది.

ప్రశ్న (రాజమండ్రి): వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. హీబ్రూలో ప్రతి అక్షరం ఒక బొమ్మ అట, ఆలెఫ్ అంటే ఎద్దు, బేత్ అంటే ఇల్లు, రెండూ కలిపితే "ఆవ్", అంటే తండ్రి, ఇంటికి బలం. ఇలా ప్రతి మాటలోనూ దేవుడు మర్మం దాచాడట. నిజమేనా?

జవాబు: సగం నిజం, అందుకే అంత బాగా పాకుతోంది. ఆ అక్షరాలు ఎప్పుడో బొమ్మల నుంచి వచ్చిన మాట వాస్తవమే, ఆలెఫ్ ఎద్దు తలే, ఇంగ్లీష్ పెద్ద "ఎ" అక్షరాన్ని తలకిందులు చేసి చూడండి, కొమ్ములు కనపడతాయి. కానీ మాటలు అక్షరాల కంటే ముందు నుంచీ ఉన్నాయండీ. రాత పుట్టకముందే పిల్లలు నాన్నని ఏదో ఒకటి పిలిచారు కదా. మనం "ఈ" అంటే ఈగ, "ల" అంటే లత అని పలక మీద దిద్దాం, అలాగని "ఈల" అంటే లత మీద వాలిన ఈగ అని చెప్పం. చెప్తే పక్కవాడు ఈలే వేస్తాడు.

అక్షరాల మీద ఆసక్తి ఉంటే 119వ కీర్తన తీయండి. ఆలెఫ్, బేత్, గీమెల్ అని మధ్యమధ్యలో కనిపించేవి హీబ్రూ అక్షరాల పేర్లే. 22 అక్షరాలు, అక్షరానికి 8 వచనాలు, మొత్తం 176. ఆలెఫ్ కింద ఉన్న ఎనిమిదీ హీబ్రూలో ఆలెఫ్‌తోనే మొదలవుతాయి, బేత్ కిందవి బేత్‌తో. ఇది నిజంగా ఉన్న అందం, కనిపెట్టడానికి మర్మజ్ఞానం అక్కర్లేదు.

ప్రశ్న (హైదరాబాద్ నుంచి ఒక తల్లి): 23వ కీర్తనలో "కృపాక్షేమములే నా వెంట వచ్చును" అని చిన్నప్పట్నుంచి కంఠతా వచ్చు. మా అబ్బాయి అది "వెంటపడతాయి" అని ఉండాలంటున్నాడు. వినడానికే అదోలా ఉంది.

జవాబు: అబ్బాయి ఈసారి గెలిచాడమ్మా. అక్కడున్న క్రియ "రాదఫ్", తరమడం, వెంటాడడం. నిర్గమకాండము 14లో ఫరో రథాలేసుకుని ఇశ్రాయేలీయుల్ని తరిమాడే, అదే మాట. సౌలు రాజు తనని తరుముతుంటే దావీదు "కొండల మీద కౌజుపిట్టను తరిమినట్టు" అని బాధపడ్డాడే, అక్కడా అదే. జీవితంలో సగం రోజులు ఎవడో ఒకడు తరుముతుండగా బతికిన మనిషి పేరున్న కీర్తనలో, చివరికి తరిమేవి మేలు, కృప అయ్యాయి అంటే ఆ వరస ఎంత బాగుందో చూడండి. అయితే రాదఫ్ అనగానే శత్రుత్వం అని కూడా అనుకోకూడదు, కీర్తనలు 34:14లో "సమాధానము వెదకి దాని వెంటాడుము" అన్నప్పుడూ ఇదే క్రియ. మన అనువాదకులే అక్కడ వెంటాడుము అన్నారు, ఇక్కడ మెత్తబరిచారు.

ఇక "కృప" అన్న మాట వెనక ఉన్నది "హెసెద్". దీనికి తెలుగులో ఒక్క మాట దొరకదు, అందుకే 136వ కీర్తనలో 26 సార్లూ కృప, రూతు ఒకటో అధ్యాయంలో అత్త నయోమి నోట దయ, మూడో అధ్యాయంలో పొలం యజమాని బోయజు రూతుని మెచ్చుకుంటూ అన్నప్పుడు సత్‌ప్రవర్తన, హోషేయ 6:6లో కనికరము అని వచ్చింది. కృప అంటే మనకి పైవాడు కిందివాడి మీద చూపించేదే గుర్తొస్తుంది. కానీ రూతు ఎవరు, భర్త పోయిన కోడలు, చేతిలో చిల్లిగవ్వ లేదు, ఆవిడ అత్తగారికి చేసింది హెసెద్ అంటున్నారు. బంధం ఉందని, ఎవరూ అడక్కపోయినా, తప్పించుకునే దారి ఉన్నా, నిలబడిపోవడం. మా అమ్మమ్మ ఇలాంటివాళ్లని "ఉన్నచోట ఉండే మనిషి" అనేది, నాకు హెసెద్ అనగానే ఆ మాటే గుర్తొస్తుంది.

ప్రశ్న (విజయవాడ): "యెహోవా" అనేది తప్పు ఉచ్చారణ, అలా పిలిస్తే ప్రార్థన వినడు అంటున్నారు. భయంగా ఉంది.

జవాబు: భయం వద్దు. మూలంలో ఉన్నవి నాలుగు హల్లులే, య హ వ హ. యూదులు గౌరవంతో ఆ పేరు పలకడం మానేసి, అది వచ్చినచోట "అదోనాయ్", అంటే ప్రభువు, అని చదివేవాళ్లు. మన పెద్దమ్మలు రేషన్ కార్డు మీద మొగుడి పేరు కళ్లెదుట ఉన్నా "మావారు" అనే చదివేవాళ్లు కదా, అలాగే. తర్వాత హల్లులకి అచ్చుల గుర్తులు పెట్టిన పండితులు, ఇక్కడ అదోనాయ్ అని చదవాలని గుర్తు చేయడానికి ఆ మాట అచ్చుల్ని ఈ నాలుగు హల్లులకి తగిలించారు. ఆ రెండూ కలిపి చదివితే యెహోవా అయింది. మొదట్లో యాహ్వే అనేవాళ్లని పండితుల్లో ఎక్కువమంది అంటారు. అయితే ఏంటి? హల్లెలూయా చివర "యా" కూడా ఆ పేరే, మీరు రోజూ పలుకుతూనే ఉన్నారు.

ప్రశ్న (ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్‌గా చేస్తున్న నిజామాబాద్ సోదరి): నేను చూసుకునే అమ్మమ్మ గారితో మాట్లాడీ మాట్లాడీ హీబ్రూ వచ్చేసింది. నాకొచ్చిన ఈ భాషతో పాత నిబంధన అర్థం చేసుకోవచ్చా?

జవాబు: మీ మీద అసూయగా ఉందమ్మా. చాలా మటుకు అర్థమవుతుంది. వందల ఏళ్లు ఎక్కువగా ప్రార్థనకీ చదువుకీ ఉన్న భాషని, 1881లో అక్కడికి వెళ్లిన ఎలియేజెర్ బెన్ యెహూదా లాంటివాళ్లు ఇంట్లో పిల్లలు మాట్లాడే భాషగా మళ్లీ లేపారు, పాత మాటలకే కొత్త పనులు అప్పజెప్పారు. అక్కడే జాగ్రత్త. మీరు కరెంటుని "హష్మల్" అంటారు కదా, అది యెహెజ్కేలు 1:4లోది, మన బైబిల్లో "కరగబడిన అపరంజి" అని ఉంటుంది. పాత గ్రీకు అనువాదంలో దాన్ని "ఎలెక్త్రోన్" అన్నారు, ఎలక్ట్రిసిటీ అనే మాట పుట్టింది ఆ గ్రీకు మాట నుంచే కాబట్టి కరెంటుకి ఈ పేరు ఖాయం చేశారు. అంతేగానీ యెహెజ్కేలు కరెంటు చూడలేదు, ఎవరైనా వీడియో పంపితే నాకు పంపకండి.

"షాలోమ్" మాత్రం మీరు రోజూ వాడేదే. "మా ష్లోమేఖ్" అని అడుగుతారు కదా మిమ్మల్ని, 2 సమూయేలు 11:7లో దావీదు తన సైనికుడు ఊరియాని అచ్చంగా అలాగే అడిగాడు, సేనాపతి యోవాబు షాలోమ్ ఏంటి, జనం షాలోమ్ ఏంటి, యుద్ధం షాలోమ్ ఏంటి అని. యుద్ధానికి శాంతి ఏంటి అని తికమక పడక్కర్లేదు, "మేమిక్కడ క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను" అని ఉత్తరాల్లో రాసేవాళ్లం చూడండి, ఆ క్షేమం అది. ఎంత చల్లగా అడిగాడో, అదీ ఆ ఊరియా భార్య విషయంలో తాను చేసిందంతా కడుపులో పెట్టుకుని.

ఒక పని చేసిపెట్టండమ్మా. అమ్మమ్మ గారికి ఓపిక ఉన్న రోజున యిర్మీయా మొదటి అధ్యాయం పైకి చదివించి, షాకేద్, షోకేద్ వచ్చే ఆ రెండు వచనాలు ఫోన్‌లో రికార్డ్ చేసి పంపండి. మెదక్ టీచర్ గారి పిల్లలకి వినిపిద్దాం.