యోగనిద్రలో నిద్రపోతే తప్పా?

ప్రశ్న: మిర్యాలగూడలో రైస్ మిల్లులో రాత్రి డ్యూటీ చేస్తాను. పొద్దున ఏడింటికి ఇంటికొచ్చి ఫోన్‌లో అరగంట యోగనిద్ర ఆడియో (పడుకుని, అది చెప్పినట్టు ఒక్కో అవయవం మీదికి మనసు తిప్పడం) పెట్టుకుంటే కుడిచెయ్యి దాటకముందే నిద్ర పడుతోంది. కానీ అరగంటకే మెలకువ వచ్చి, ఇక పట్టదు. నిద్రపోతే ఫలితం పోయినట్టేనా?
– ఒక పాఠకుడు

జవాబు: ఫలితం ఎక్కడికీ పోలేదు. మీ నిద్ర చెడగొడుతున్నది ఆ ఆడియో చివరి మాటలు కావచ్చు. ఇలాంటివి చాలావరకు ‘వేళ్లు కదిలించండి, కళ్లు తెరవండి’ అనే ముగుస్తాయి. ఫోన్‌లో పదిహేను నిమిషాలకు ఆగిపోయేలా టైమర్ పెట్టండి. కిటికీకి మందపాటి దుప్పటి కట్టండి. తెల్లవారుజామున చాయ్ మానండి.

నిద్ర కోసం చేసేది వేరు, ఎరుక కోసం, అంటే మెలకువగా గమనిస్తూ ఉండటం కోసం చేసేది వేరు. రెండూ ఒకే పూట కుదరవు. పొద్దున శ్వాస లెక్క (అదేమిటో కింద చెప్పాను) తప్పితే తప్పనివ్వండి, అదే కావాలి. ఎరుక కోసం సాయంత్రం, తిన్న రెండు గంటల తర్వాత, డ్యూటీకి ముందు చేయండి.

అప్పుడు మంచం వద్దు. నేల మీద జంపఖానా, దాని మీద మడతపెట్టిన బొంత చాలు. నడుము నొస్తే మోకాళ్ల కింద మెత్త పెట్టుకోండి. కదలకుండా ఉంటే ఒళ్లు చల్లబడుతుంది కాబట్టి ఎండాకాలమైనా పలుచని చద్దరు కప్పుకోండి. కూలర్ గాలి నేరుగా తగలకూడదు.

ఒక చిన్న సంకల్పాన్ని మనసులో మూడుసార్లు అనుకోండి, రోజుకొకటి మార్చకండి. తర్వాత మనసును ఈ వరుసలో తిప్పండి: కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరంవేలు, చిటికెనవేలు, అరచెయ్యి, మణికట్టు, మోచెయ్యి, భుజం, చంక, నడుము, తొడ, మోకాలు, పిక్క, మడమ, అరికాలు, కాలివేళ్లు. అదే వరుసలో ఎడమవైపు, ఆపైన వీపు, ముందుభాగం. ముంగేరులో బిహార్ యోగ విద్యాలయం స్థాపించిన స్వామి సత్యానంద సరస్వతి ఈ వరుసను తాంత్రిక న్యాసం నుంచి తీసుకున్నారు. న్యాసంలో మంత్రం చెబుతూ చేత్తో తాకే చోటును ఇక్కడ మనసుతో తాకుతారు. చాలామంది ఒక్కో చోట ఆగి ‘వదులైందా, లేదా’ అని పరీక్షించుకుంటారు. అదే పెద్ద పొరపాటు, ఆ వెతుకులాటకే ఒళ్లు బిగుస్తుంది. పేరు అనుకోండి, ఒకటి రెండు క్షణాల్లో దాటిపోండి.

తర్వాత బొడ్డు దగ్గర శ్వాసను 27 నుంచి 1 దాకా వెనక్కి లెక్కపెట్టండి. సాయంత్రం లెక్క తప్పితే మళ్లీ 27 నుంచే. నిద్ర ముంచుకొస్తుంటే ఒక మోచేతిని నేలకానించి ముంజేతిని నిటారుగా నిలపండి. కునుకు పట్టగానే చెయ్యి వాలిపోతుంది, మెలకువ వస్తుంది. ముగించాక కుడివైపు తిరిగి కాసేపుండి లేవండి.

గురకలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెబితే మాత్రం ముందు డాక్టర్‌కు చూపించుకోండి.