కరెంటు గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చిత్తుప్రతి చదివాను. వాక్యం నీకు పలుకుతోంది, ఆ బెంగ లేదు. గుచ్చుకున్నదల్లా ఒక్కటే: "బ్యాటరీ నుంచి వచ్చిన కరెంటును బల్బు వాడేసుకుంటుంది." అందరూ రాసేదే, అయినా తప్పే. బల్బుకు ఇటొక అమ్మీటరు (కరెంటు కొలిచే పరికరం), అటొక అమ్మీటరు పెట్టి చూడు. రెండూ ఒకే అంకె చూపిస్తాయి. లోపలికెళ్లిన విద్యుదావేశమంతా బయటికొచ్చేసింది. మరి ఖర్చయిందేమిటి? శక్తి. వోల్టు అవసరం పడేది సరిగ్గా ఇక్కడే. ఆవేశానికి కొలత కూలుంబ్, శక్తికి కొలత జౌలు; ఒక కూలుంబ్ ఆవేశం ఒక చోటి నుంచి మరో చోటికి చేరేలోగా ఒక జౌలు శక్తి వదిలితే, ఆ రెండు చోట్ల మధ్య తేడా ఒక వోల్టు. 1.5 వోల్టుల సెల్ అంటే కూలుంబ్‌కు ఒకటిన్నర జౌలు ఇచ్చేదన్నమాట. ఇది చెప్పాకే వోల్టుకూ కరెంటుకూ లంకె చెప్పే ఓమ్ సూత్రం రావాలి. నువ్వు సూత్రంతో మొదలెట్టి వోల్టును గాలికొదిలేశావు.

నీళ్ల గొట్టం పోలిక ఉంచుకో, కానీ దాని హద్దు కూడా చెప్పు. గొట్టం తెగితే నీళ్లు కారిపోతాయి. తీగ తెగితే ప్రవాహమే ఆగిపోతుంది.

ఇక "ఎలక్ట్రాన్లు మెరుపు వేగంతో పరుగెత్తుతాయి" అన్నావే, దానికి లెక్క వేశావా? ఒక ఆంపియరు కరెంటు అంటే సెకనుకు దాదాపు 6.24×10¹⁸ ఎలక్ట్రాన్లు దాటిపోవడం. అంత ప్రవాహం ఉన్నా, ఒక చదరపు మిల్లీమీటరు కోత వైశాల్యమున్న రాగి తీగలో అవి ముందుకు జరిగేది సెకనుకు సుమారు 0.07 మిల్లీమీటర్లు. గంటకు జానెడు పైచిలుకు! నత్త నయం. మరి స్విచ్ వేయగానే బల్బెలా వెలుగుతుందని పాఠకుడు అడగకుండా ఉండడు. తీగ నిండా ఎలక్ట్రాన్లు ముందునుంచే ఉన్నాయి. స్విచ్ వేసినప్పుడు వలయమంతా పాకేది విద్యుత్ క్షేత్రం, అదీ కాంతివేగానికి దగ్గరి వేగంతో. దాంతో ఎక్కడి ఎలక్ట్రాన్లు అక్కడే కదులుతాయి. వ్యాసంలో అన్నిటికంటే రుచైన చోటు ఇది. నువ్వు ఒక్క ముక్కలో దాటేశావు. ఇక్కడ ఓ పేజీ తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

కరెంటు దిశ సంగతి రెండు వాక్యాల్లో తేల్చెయ్. ధన, రుణ అన్న పేర్లు బెంజమిన్ ఫ్రాంక్లిన్ 18వ శతాబ్దంలో పెట్టాడు. భౌతిక శాస్త్రవేత్త జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుక్కున్నది 1897లో. అప్పటికే కరెంటు ధనం నుంచి రుణానికని లోకం స్థిరపడిపోయింది, ఎలక్ట్రాన్లేమో ఎదురు దిక్కున నడుస్తాయి.

సమాంతర వలయం భాగం బాగుంది, ముట్టుకోకు. మొదటి బొమ్మలో మాత్రం బల్బు నుంచి బ్యాటరీకి తిరిగొచ్చే తీగ గీయలేదు. అలాగైతే ఆ బల్బు వెలగదు. సరిచేసి పంపు.