మెటాడోర్ వ్యాన్ ఏమైపోయింది?

ప్రశ్న: మాది కర్నూలు, సి.క్యాంపు. తొంభైల్లో మా వీధి పిల్లలమంతా మెటాడోర్ వ్యాన్‌లోనే స్కూలుకు పోయేవాళ్లం. ఇప్పుడు వెతికినా ఒక్కటీ కనిపించదు. అసలు అది ఎవరి బండి, ఎందుకు ఆగిపోయింది? మా బంధువుల షెడ్డులో ఒకటి పడి ఉంది, ఇంజిన్ చేయించి మళ్లీ స్కూలు పిల్లలకు తిప్పుదామంటున్నారు. తిప్పొచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: చివరి దానికి ముందే చెప్పేస్తాను, తిప్పొద్దు. ఎందుకో కింద చెప్తాను.

మెటాడోర్ పుట్టింది జర్మనీలో. హాంబర్గ్‌లోని టెంపో కంపెనీ 1949లో మొదటిసారి ఈ పేరుతో సరుకుల బండి తెచ్చింది, అందులో వేసింది ఫోక్స్‌వ్యాగన్ కారు ఇంజిన్. ఆ కంపెనీతో కలిసి మన దేశంలో ఎన్.కె.ఫిరోదియా 1958లో పెట్టిన సంస్థే బజాజ్ టెంపో. మొదట్లో మూడు చక్రాల సరుకు బండ్లు చేసేవాళ్లు, తర్వాత పుణె దగ్గర ఆకుర్డిలో ఫ్యాక్టరీ వచ్చింది, 1969లో నాలుగు చక్రాల మెటాడోర్ బయటికొచ్చింది. ఈలోగా జర్మనీలో టెంపో కంపెనీ హానొమాగ్ చేతికి, అక్కడి నుంచి మెర్సిడెస్ వాళ్ల చేతికి పోయింది. మన మెటాడోర్‌కు తర్వాత రోజుల్లో మెర్సిడెస్ డీజిల్ ఇంజిన్ దొరకడానికి ఈ బంధుత్వమే దారి. ఓఎం616 అంటారు దాన్ని, నాలుగు సిలిండర్లు, 2.4 లీటర్లు. జర్మనీలో ట్యాక్సీలుగా తిరిగిన మెర్సిడెస్ 240డి కారులో ఉన్నదీ ఇదే. దాని పని తెలిసిన మెకానిక్కులు ఇప్పటికీ ఆ ఇంజిన్ గురించి గౌరవంగానే మాట్లాడతారు.

దీన్ని పిల్లల కోసం ఎవరూ తయారు చేయలేదు, పాలు, కూరగాయలు, పేపర్ కట్టలు మోయడానికి చేసిన బండి. అయినా స్కూలు వ్యాన్‌గా బాగా కుదిరింది, దానికి ఒక గట్టి కారణం ఉంది. మామూలు లారీల్లో, బస్సుల్లో ఇంజిన్ ముందున్నా బలం వెనక చక్రాలకు పోతుంది కాబట్టి కింద ఆ బలాన్ని మోసుకెళ్లే పొడవాటి ఇనుప కడ్డీ (షాఫ్టు) ఉంటుంది, నేల ఎత్తు పెరుగుతుంది. మెటాడోర్‌లో ముందు చక్రాలే బండిని లాగుతాయి. కింద షాఫ్టు లేదు, నేల కిందికి దిగింది, ఒకటో తరగతి పిల్ల కూడా పుస్తకాల సంచి భుజాన వేసుకుని ఎవరూ ఎత్తకుండానే ఎక్కేయగలదు. లోపల గోడల వెంబడి రెండు బెంచీలు బిగిస్తే చాలు, మధ్యలో టిఫిన్ క్యారియర్ల బుట్టకు కూడా చోటు మిగిలేది.

కష్టం కూడా అక్కడే ఉంది. ఇంజిన్ డ్రైవర్ పక్కనే, రేకు మూత కింద. చోటు చాలక ఇద్దరు ముగ్గురు పిల్లల్ని ఆ మూత మీదే, గోనెసంచి పరిచి కూర్చోబెట్టేవాళ్లు. కర్నూలు ఏప్రిల్ ఎండలో, ఒంటిపూట బడి వదిలాక, బళ్లారి చౌరస్తా దాటేసరికి ఆ మూత ఎలా కాలిపోయేదో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఎందుకు ఆగిందంటే, బండి చెడ్డదై కాదు, కాలం దాన్ని దాటిపోయింది. ఎనభైల మధ్యలో జపాన్ కంపెనీలతో కలిసి డీసీఎం టయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్, మన జహీరాబాద్‌లోనే తయారైన ఆల్విన్ నిస్సాన్ బండ్లు వచ్చాయి. మెటాడోర్ డిజైన్ మాత్రం అరవైల నాటిదే. 1987లో బజాజ్ టెంపో వాళ్లే మెర్సిడెస్ వ్యాన్ ఆధారంగా ట్రావెలర్ తెచ్చారు, సొంత ఇంట్లోనే పోటీ. 2000లో దేశమంతా కొత్త కాలుష్య నిబంధనలు వచ్చాయి, ఆ ప్రాంతంలోనే మెటాడోర్ తయారీ ముగిసింది. 2005లో కంపెనీ పేరు కూడా ఫోర్స్ మోటార్స్ అయింది. మీ పిల్లలు ఇప్పుడు ట్రావెలర్‌లో వెళ్తుంటే అది మెటాడోర్ చేసిన వాళ్ల బండే.

ఇక మీ షెడ్డు బండి. ఎంత లేదన్నా దానికి పాతికేళ్లు ఉంటాయి. మన రాష్ట్రంలో 15 ఏళ్లు దాటిన బండిని స్కూలు బస్సుగా తిప్పడానికి ఒప్పుకోరు. రూలు సంగతి అలా ఉంచినా, బెంచీ మీద పక్కకు తిరిగి కూర్చున్న పిల్లలు సడన్ బ్రేక్ పడితే ఒకరి మీద ఒకరు పడతారు, పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఇంజిన్ కొత్తది చేయించొచ్చు, తుప్పు పట్టిన చాసిస్‌ని, అంటే బండి కింది చట్రాన్ని, ఎంత వెల్డింగ్ చేసినా నమ్మలేం. ఆ ఖర్చేదో బండిని ఉన్నదున్నట్టు కాపాడుకోవడానికి పెట్టమని మీ వాళ్లకు చెప్పండి. చెక్కుచెదరని మెటాడోర్ ఇప్పుడు అరుదు, తుక్కు కింద మాత్రం అమ్మనివ్వకండి.

ప్రశ్న: అప్పటి వ్యాన్లు తెలుపు, నీలం, ఏ రంగైనా ఉండేవి. ఈ పసుపు ఎక్కడి నుంచి వచ్చింది?
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: రంగు అమెరికాది. 1939లో న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలో ఫ్రాంక్ సైర్ అనే ప్రొఫెసర్ స్కూలు బస్సుల ప్రమాణాల కోసం ఒక సమావేశం పెట్టారు, అక్కడ ఖాయమైంది. తెల్లవారుజామున మసక వెలుతురులో కూడా పసుపు మీద నల్లక్షరాలు బాగా కనిపిస్తాయని.

మన దగ్గర స్కూలు బస్సుల మీద గట్టిగా ఆలోచించడం మొదలైంది మాత్రం ఒక ఘోరం తర్వాత. 1997 నవంబరులో ఢిల్లీలో వజీరాబాద్ వంతెన మీద నుంచి స్కూలు బస్సు యమునలో పడి 28 మంది పిల్లలు పోయారు. నెల తిరక్కుండా ఢిల్లీ ట్రాఫిక్ కేసులో సుప్రీంకోర్టు స్కూలు బస్సు డ్రైవర్‌కు అనుభవం, యూనిఫాం ఉండాలని, బండి మీద స్కూలు డ్యూటీ అని కనిపించేలా రాయాలని ఆదేశించింది. పసుపు రంగు చూసి మాత్రం నిశ్చింతగా ఉండకండమ్మా. మన రాష్ట్రంలో స్కూలు బస్సుల ఫిట్‌నెస్ మే 15తో ముగుస్తుంది, జూన్‌లో బడి తెరవగానే కొత్త సర్టిఫికెట్ తీసుకున్నారా అని యాజమాన్యాన్ని అడగండి. అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు, పిల్ల మనది.