హెచ్‌ఐవీ పరిశోధన చేస్తానంటున్న అమ్మాయికి మన దేశంలో చోటుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ చివరి సంవత్సరం చదువుతోంది. హెచ్‌ఐవీ మీదే పరిశోధన చేస్తానని పట్టుబడుతోంది. ఈ రంగంలో అసలైన పనంతా విదేశాల్లోనే జరిగిందని, ఇక్కడ ఉంటే ల్యాబ్ టెక్నీషియన్‌గా మిగిలిపోతుందని బంధువులు అంటున్నారు. ఇన్‌ఫెక్షన్ సోకుతుందేమోనన్న భయం మాకూ ఉంది. ఏం చేయమంటారు? - ఒక తండ్రి

జవాబు: ఈ వైరస్‌ను 1983లో తొలిసారి వేరుచేసింది పారిస్‌లోని పాస్చర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలే. కానీ వైరస్‌ను కనుక్కోవడం ఒక ఎత్తు, దాని బారిన పడినవారిని బతికించుకోవడం మరో ఎత్తు. ఈ రెండో పనిలో మన దేశం చేసింది చాలా ఉంది. అది తెలిస్తే మీ అమ్మాయి దారి కూడా కొంత స్పష్టమవుతుంది.

మన దేశంలో హెచ్‌ఐవీ ఉందని బయటపెట్టినవారిలో ఒకరు, ఇంచుమించు మీ అమ్మాయిలాగే మైక్రోబయాలజీ విద్యార్థిని. మద్రాసులో ఆ శాస్త్రంలో వైద్య పీజీ చేస్తున్న సెల్లప్పన్ నిర్మలకు, ఆమె ప్రొఫెసర్ సునీతి సోలమన్ హెచ్‌ఐవీ పరీక్షలనే పరిశోధనాంశంగా సూచించారు. ఈ జబ్బు మన దేశానికి రాదని చాలామంది గట్టిగా నమ్ముతున్న రోజులవి. నిర్మల సెక్స్ వర్కర్ల నుంచి సుమారు 80 రక్త నమూనాలు సేకరించి, వాటి నుంచి సీరం (రక్తంలోని ద్రవ భాగం) వేరుచేసి, భద్రపరచడానికి వేరే వసతి లేక తన ఇంటి ఫ్రిజ్‌లోనే పెట్టుకున్నారు. 1986 ఫిబ్రవరిలో వాటిని వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి తీసుకెళ్లి పరీక్షిస్తే ఆరు పాజిటివ్‌గా తేలాయి. గొప్ప పరికరాలేవీ లేకుండా, సరైన ప్రశ్నతో, ఓపికతో చేసిన పని అది. ఆ తర్వాతే దేశం మేలుకుంది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, అంటే నాకో, ఏర్పడింది.

మందుల విషయంలో మన దేశం చేసిన మేలు ప్రపంచానికంతటికీ అందింది. 1970 నాటి పేటెంట్ చట్టం ప్రకారం మందు తయారుచేసే పద్ధతికే పేటెంట్ ఉండేది, మందుకు ఉండేది కాదు. అందుకే అదే మందును వేరే పద్ధతిలో తయారుచేసే వీలు మన రసాయన శాస్త్రవేత్తలకు దక్కింది. హైదరాబాద్‌లోని ఐఐసీటీ అనే ప్రభుత్వ రసాయన పరిశోధన సంస్థలో, గుంటూరులో పుట్టిన ఏ.వి. రామారావు బృందం జిడోవుడిన్ అనే హెచ్‌ఐవీ మందుకు అలాంటి పద్ధతిని రూపొందించి సిప్లా అనే మందుల కంపెనీకి అందించింది. ఆ సిప్లాయే 2001లో, పాశ్చాత్య దేశాల్లో ఏడాదికి పది వేల డాలర్లు దాటే మూడు మందుల చికిత్సను 350 డాలర్లకే ఇస్తామని ప్రకటించింది. ఆఫ్రికాలో లక్షలాది మందికి చికిత్స అందుబాటులోకి రావడానికి ఇలా ధరలు కూలడమే ముఖ్య కారణమని నా నమ్మకం. ఆ మందుల తయారీలో ఇప్పటికీ హైదరాబాద్ కంపెనీలది పెద్ద వాటా. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2004 ఏప్రిల్ 1 నుంచి ఏఆర్‌టీ మందులు, అంటే హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందులు, ఉచితంగా ఇస్తున్నారు.

పరిశోధన ముగిసిపోలేదు. మందులు వైరస్‌ను అదుపులో ఉంచుతాయే గానీ, కణాల్లో నిద్రాణంగా దాగిన వైరస్‌ను తుడిచిపెట్టలేవు. పైగా ఈ వైరస్‌లో సబ్‌టైప్‌లనే ఉపరకాలున్నాయి, మన దేశంలో ఎక్కువగా కనిపించేది సబ్‌టైప్ సి. పాశ్చాత్య దేశాల్లో ఎక్కువగా ఉండే సబ్‌టైప్ బి మీద వచ్చిన ఫలితాలన్నీ దీనికి అలాగే వర్తిస్తాయని అనుకోలేం. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ అనే శాస్త్ర పరిశోధన సంస్థలో ఈ సబ్‌టైప్ మీద ఏళ్లుగా పని జరుగుతోంది. చికిత్స త్వరగా మొదలుపెడితే భాగస్వామికి వైరస్ సోకే ప్రమాదం 96 శాతం తగ్గుతుందని 2011లో చూపించిన అంతర్జాతీయ అధ్యయనంలో చెన్నై, పుణే కేంద్రాలు కూడా పాల్గొన్నాయి.

ఇక మీ అమ్మాయి చదువు. ఎమ్మెస్సీ దశలోనే హెచ్‌ఐవీ అని గిరి గీసుకోవద్దని చెప్పండి. వైరాలజీ, ఇమ్యునాలజీలతో పాటు, మైక్రోబయాలజీ విద్యార్థులు తరచూ పక్కన పెట్టేసే స్టాటిస్టిక్స్ మీద కూడా గట్టి పట్టు సంపాదించాలి. సీయూఈటీ పీజీ, గ్యాట్-బి అనే ప్రవేశ పరీక్షలు రాసి మంచి విశ్వవిద్యాలయంలో చేరడం మొదటి అడుగు. ఆ తర్వాత సీఎస్‌ఐఆర్, డీబీటీ వంటి ప్రభుత్వ సంస్థల జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) పరీక్షల్లో ఏదో ఒకటి సాధిస్తే పీహెచ్‌డీకి ఫెలోషిప్ వస్తుంది. ఫెలోషిప్ చేతిలో ఉంటే మీ మీద ఖర్చు భారం పడకుండానే ల్యాబ్ ఎంచుకునే స్వేచ్ఛ ఆమెకు ఉంటుంది. పుణేలోని జాతీయ ఎయిడ్స్ పరిశోధనా సంస్థ పేరు ఇటీవల మారింది కాబట్టి ప్రకటనలు వెతికేటప్పుడు కొత్త పేరైన నిట్వార్‌ను కూడా చూడమనండి. ల్యాబ్ కన్నా జనం మధ్య పని మీదే మనసు ఎక్కువగా ఉంటే, ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చేసి ఎపిడమాలజీ, అంటే జబ్బులు జనంలో వ్యాపించే తీరును అధ్యయనం చేసే శాస్త్రం, వైపు వెళ్లవచ్చు. నాకో కార్యక్రమంలోని ఉద్యోగాలు ఎక్కువగా కాంట్రాక్టువే, జీతాలూ పరిమితమే. ఈ సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది.

మీ భయం సహజమే. వైరస్‌ను పెంచే పనిని ప్రత్యేక భద్రత గల ల్యాబుల్లో, శిక్షణ పొందినవారే చేస్తారు. ఒకవేళ సోకిన రక్తమున్న సూది గుచ్చుకున్నా, వైరస్ అంటుకునే అవకాశం వెయ్యిలో మూడు వంతులే. వీలైనంత త్వరగా, ఆలస్యమైనా 72 గంటల లోపు మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే ఆ ప్రమాదం మరింత తగ్గుతుంది.

నిర్ణయానికి ముందు ఒక పని చేయండి. అనుమతి తీసుకుని మీ జిల్లా ఆసుపత్రిలోని ఏఆర్‌టీ సెంటర్‌కు అమ్మాయితో కలిసి వెళ్లి, అక్కడి కౌన్సిలర్‌తో ఒక గంట మాట్లాడండి. రోగుల వివరాలు మాత్రం అడగవద్దు, వారి గోప్యతకు 2017 నాటి చట్టం రక్షణ కల్పిస్తోంది. మందులు మధ్యలో ఎందుకు ఆపేస్తున్నారు, పరీక్షకు ఎందుకు ఆలస్యంగా వస్తున్నారు అని అడగమనండి. తిరుగు ప్రయాణంలో మీ అమ్మాయి మనసు వైరస్ చుట్టూ తిరుగుతోందో, ఆ మనుషుల చుట్టూ తిరుగుతోందో ఆమె మాటల్లోనే మీకు తెలుస్తుంది. ఎమ్మెస్సీయా, ఎంపీహెచ్చా అన్నది అప్పుడు ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి.